లూర్దమ్మ టీచరు ఎర్ర పెన్ను

లూర్దమ్మ టీచరుకు పొగరని మా పేటలో అనేవాళ్లు. నేనూ అనేవాణ్ణి. మొగుడు పోయాక ఒంటి జీతం మీద బ్యాంకు అప్పు తెచ్చుకుని, జగ్గయ్యపేటలో బెంగుళూరు పెంకుల ఇల్లు కట్టుకున్న మనిషికి ఆ మాత్రం పొగరు ఉండొద్దా? అప్పిచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు ఇంటికి ఇన్సూరెన్సు చేయించారు. అందరూ సంతకం పెట్టి మర్చిపోయే ఆ కాగితాన్ని ఆవిడ అక్షరం వదలకుండా చదివింది. గాలివానకి కప్పు పోతే కంపెనీ ఇచ్చుకోవాలని అందులో ఉందంటే మేం నవ్వాం.

ఎనభై మూడు మే నెలలో ఒక సాయంత్రం గాలి లేచింది. అరగంటలో ఆవిడ ఇంటి కప్పు సగం నేలమీదికొచ్చింది. మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కి ఇన్సూరెన్సు ఆఫీసులో అర్జీ ఇచ్చొచ్చింది. తాళంచెవి మా అమ్మ ఆదెమ్మ చేతికిచ్చి, పదో తరగతి పేపర్లు దిద్దడానికి విజయవాడ వెళ్లింది.

ఆవిడ లేనప్పుడే ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. సోమవారం నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి ఇల్లు చూస్తాడని నేనే చదివి చెప్పాను.

"ఆఫీసరుగారొస్తుంటే ఇల్లిట్టా ఉంచుతామా? పేట పరువేం గాను!" అంది మా అమ్మ.

అంతే, పేటంతా కదిలింది. ఇంటికి పాతికో ముప్ఫయ్యో పెంకులు ఎవరి వసారా మీంచి వాళ్లు దించి తెచ్చారు. కొండలరావు మేస్త్రీ వాసాలు సరిచేసి పెంకులు పరిచాడు. పగిలిన ముక్కలన్నీ వీధి గుంటల్లో పోసి దిమ్మిసతో కొట్టాం. ఇల్లు అలికి సున్నం కూడా వేశాం.

సోమవారం టీచరు బస్సు దిగేసరికి సర్వేయరు వరప్రసాదరావు గుమ్మంలో ఉన్నాడు. ఆవిడ పైకి చూసింది.

"నష్టం ఎక్కడమ్మా?" అన్నాడాయన.

"నిన్ననే మేమంతా కలిసి ఎక్కించామండి!" అన్నాడు కొండలరావు, మెడల్ ఇస్తారేమో అన్నట్టు.

"కూలిందనీ మీరే చెప్తారు, ఎక్కించామనీ మీరే చెప్తారు," అని ఆయన కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. టీచరు చదివింది. గాలివానకి కప్పు కూలిందన్న క్లెయిము అబద్ధం అని ఉంది.

"ఇరవై ఏళ్లుగా పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్తున్నా. దీనికింద నేను సంతకం పెట్టనండి."

ఆయన వెళ్లిపోయాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఆ కార్డు చదివిన నోరు కొట్టుకోవాలనిపించింది.

"ఏడవకు ఆదెమ్మా. నువ్వు మంచే చేశావు. ఇప్పుడు ఎవరి పెంకులు వాళ్లు తీసుకుపోండి."

"వానలొస్తాయి టీచరమ్మా!"

"రానీ."

తిట్టలేదు, తిడితే బాగుండేది. పెంకులు దించుకుని తలొంచుకుని పోయాం. ఆవిడ గునపం పట్టుకుని వీధి గుంటలు తవ్వడం మొదలెట్టింది. కాసేపటికి మేమూ పలుగులు తెచ్చుకున్నాం. తీసిన ముక్కలు కడిగి ముంగిట్లో కుప్ప పోసింది. పెంకుల కంపెనీ ముద్ర ఉన్న ప్రతి ముక్క మీదా నెమలి బొమ్మే. ఆవిడ ఇల్లు కట్టినప్పుడు కొన్న పెంకుల బిల్లులో ఉన్నదీ అదే. మా వసారాల పెంకులకి ఆ బొమ్మ లేదు.

ఆఫీసుకి వారానికో రిజిస్టరు ఉత్తరం రాసింది. "ఈసారి ఎవరూ ఊడవలేదు, వచ్చి చూడండి," అని నాలుగు ఉత్తరాలు. జూన్‌లో తొలకరి పడింది. పుస్తకాలు ట్రంకుపెట్టెలో పెట్టి, మిగిలిన సగం కప్పూ కారుతుంటే మంచం మీద గొడుగేసుకుని కూర్చుంది. మా ఇంటికి రమ్మని అమ్మ కాళ్లావేళ్లా పడినా కదల్లేదు.

చివరికి సర్వేయరు వచ్చాడు. కప్పులేని వైపే కుర్చీ వేసింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆయన కుప్పలోంచి ముక్కలు తిరగేసి చూశాడు, బిల్లు చూశాడు. మా వసారాల మీది పెంకులు కూడా చూసొచ్చాడు.

"సరేనమ్మా, క్లెయిము పాసు చేయిస్తా. ఇక్కడ సంతకం పెట్టండి."

"ముందు ఆ పాత కాగితం తీయండి."

"దాంతో ఇప్పుడేం పనమ్మా?"

"మీకు లేదేమో. నాకుంది."

ఆయన ఫైలు విప్పి తీశాడు. టీచరు సంచిలోంచి పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"పిల్లల పేపరైతే నేనే దిద్దేదాన్ని. ఇది మీ పేపరు. మీరే దిద్దండి."

ఆయన మావైపు చూశాడు. పేటంతా తడుస్తూ నిలబడి ఉంది, ఒక్కరూ కదల్లేదు. ఆయన 'అబద్ధం' అన్న మాట కొట్టేసి, పైన 'నిజం' అని రాసి, పక్కన సంతకం చేశాడు. ఎర్ర సిరా మీద చినుకు పడి కాస్త పాకింది. ఆవిడ కాగితం పైకెత్తి చదువుకుని, అప్పుడు తన సంతకం పెట్టింది.

"ఆదెమ్మా, ఇప్పుడు సారుకి టీ పెట్టు," అంది.