వేళ్లతో పీకిన చుక్కకూర

నేను ఆఫీసులో ఉండగా ఆంటీ వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మామ్ ఈ మార్నింగ్ పోయింది. నీకు చెప్పాలి అనిపించింది," అంది. ఆష్‌బర్న్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న నాకు మొదట గుర్తొచ్చింది ఆంటీ ముఖం కాదు, ఒక ఆకుకూర. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

2006లో ఆరిజోనాలో ఎంఎస్ చదువుతూ యూనివర్సిటీ హెర్బేరియంలో పార్ట్‌టైమ్ పనికి కుదిరాను. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అతికించి, ఎక్కడ దొరికాయో చీటీ రాసి దాచే చోటు అది. ఆ చీటీలను నేను కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. ఆంటీ అక్కడ వాలంటీర్. ఒకప్పుడు గుంటూరులో బోటనీ లెక్చరర్. జిగురు పట్టని కాడలను సూదీదారంతో అట్టకు కుట్టి, దారం పళ్లతో తెంపేవారు. తప్పుడు చీటీ కనబడితే, "ఎవరమ్మా ఈ మహానుభావుడు? ఇంట్లో కూర్చుని రాశాడు," అని విసుక్కునేవారు.

ఏటా మార్చిలో ఆంటీ ఒక ఎడారి లోయకు వెళ్లేవారు. అక్కడ ఒక అడవి మొక్కకు పాత రికార్డులు చాలా ఉన్నాయి. మిగిలింది మాత్రం బండ నీడన ఒక్క గుబురు. "మన చుక్కకూరకి పెద్దమ్మ కూతురనుకో," అని నాతో అన్నారు. ఎక్కడుందో కూడా చెప్పారు. నా మీద అంత నమ్మకం.

ఆ వారమే రూమ్మేట్లతో అక్కడికి హైకింగ్‌కి వెళ్లాను. చుక్కకూర తిని ఏడాది దాటింది. ఆకు కొరికితే అదే పులుపు, మిగిలింది ఆ ఒక్క గుబురే అన్న మాటే మర్చిపోయాను. మన ఊళ్లో కట్టలు వేళ్లతోనే కదా అమ్ముతారు, మేమూ వేళ్లతో పీకేశాం. మర్నాడు దాంతో వండిన పప్పును డబ్బాలో పెట్టుకెళ్లి, "ఆంటీ, గెస్ చేయండి!" అన్నాను.

ఆంటీ మూత తీసి చూశారు.

"ఎంత పీకారమ్మా?"

"మొత్తం, ఆంటీ."

డబ్బాకు మూత మళ్లీ పెట్టేశారు. "నోరు జారింది నేను. చుక్కకూర అన్నాక తెలుగుపిల్ల వదిలిపెడుతుందా," అన్నారు చివరికి. తిట్టినా బాగుండేది. మా చెత్తబుట్టలోంచి ముదిరిన కాడ ఒకటి తెప్పించి అట్టకు కుట్టారు. చీటీ మాత్రం నా చేతే రాయించారు. సేకరించినది: నా పేరు. ఆకులు: వండుకుని తిన్నాం. "రికార్డు అబద్ధం చెప్పకూడదమ్మా," అన్నారు.

ఆ తర్వాత కూడా ప్రతి మార్చిలో వెళ్లేవారు. గింజలు రాలి ఉండొచ్చని ఆశ. తిరిగొచ్చి 'కనిపించలేదు' అని రాసేవారు. "ఇక లేదని రాసేద్దామా ఆంటీ?" అని ఒకసారి ఫోన్‌లో అడిగాను.

"నువ్వు వెళ్లి చూశావా? చూడకుండా లేదనకు," అన్నారు.

నేను ఒక్కసారి కూడా ఆంటీకి తోడు వెళ్లలేదు. జాబ్ అన్నాను, వీసా స్టాంపింగ్ అన్నాను. అవన్నీ సాకులు. ఆ బండ నీడను ఖాళీగా చూడాలంటే భయం, అంతే.

ఫోన్ పెట్టేశాక కంప్యూటర్‌లో ఆ రికార్డు తెరిచాను. ఫోటోలో ఆకుల్లేని కాడ, దాని మీద ఆంటీ తెల్లదారం కుట్లు, కింద నా పేరు. పక్కన ఏడాదికొకటి చొప్పున 'కనిపించలేదు'. ఈ మార్చికి ఎదురుగా గడి ఖాళీగా ఉంది. అప్పటికే ఆంటీ మంచం పట్టారట.

ఆ గడిలో 'కనిపించలేదు' అని రాసే హక్కు కూడా నాకు లేదు. నేను వెళ్లి చూడలేదు.