పొడుగుతోక దొరకు పసుపు పొట్ట

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి, నాన్న వరండాలో చాప పరిచి, రంగుల డబ్బాల మూతలు తీసి కూర్చుని ఉండేవాడు. ఒళ్ళో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం.

"రా బిడ్డా... ఇయ్యాల ఈ పిట్టాయన రంగులు చెప్పు."

మాది మౌలాలి రైల్వే క్వార్టర్. నాన్న వారమంతా వర్క్‌షాపులో రైలు పెట్టెల మీద పేర్లు, నంబర్లు రాసేవాడు. ఆదివారం పక్షులు వేసేవాడు. కాకి, పిచ్చుక కాదు... సముద్రాల అవతలి పక్షులు. తాను ఎన్నడూ చూడనివి. తిరుమలగిరి బంగళాలవాళ్ళు కబురు పెట్టి మరీ వేయించుకునేవారు. పిట్టల పెయింటర్ అంటే అటువైపు అందరికీ తెలుసు.

ఆ పుస్తకం పాత పుస్తకాల వాడి దగ్గర కొన్నది. బొమ్మలన్నీ నలుపు తెలుపే. రంగులు మాటల్లో రాసి ఉండేవి. నాన్నకు ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా రాయడం వచ్చు... చదవడం రాదు. నేను ఇంటికి పెద్దదాన్ని, ఇంగ్లీషు మీడియం. డిక్షనరీ పక్కన పెట్టుకుని వీపు ఇది, రెక్క ఇది అని నేను చెప్పడం, ఆయన రంగు కలపడం.

నాకు పన్నెండేళ్ళు. ఒకటే విసుగు. గుట్ట మీదికి పోదాం రమ్మని స్నేహితురాళ్ళు గేటు దగ్గర నిలబడి పిలిచేవారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే... పోయిన వారం మా తమ్ముడు ఈ గ్రూపులోనే నాన్న గురించి రాశాడు. ఒక డాక్టర్ నలుగురిలో నవ్వడం వల్లే నాన్న కుంచె వదిలేశాడని. చాలామంది చదివారు. ఆ డాక్టర్‌ను నోటికొచ్చినట్టు తిట్టారు. తమ్ముడు అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. వాడికి తెలిసింది అంతే.

ఆ డాక్టర్ గారు కోస్తా నుంచి వచ్చి తిరుమలగిరిలో ఇల్లు కట్టుకున్నారు. విదేశాల్లో చాలా ఏళ్ళు ఉండి వచ్చిన మనిషి. హాల్లోకి మనిషెత్తు చెక్క మీద ఒక పక్షి కావాలన్నారు. దాని పేరు నాన్నకు నోరు తిరగక పొడుగుతోక దొర అని పెట్టుకున్నాడు.

నేను వీపు ఆకుపచ్చ అని చదివాను. పేజీ తిప్పాను. పొట్ట పసుపు అన్నాను, తోక నీలం అన్నాను. చెప్పేసి గుట్టకు పరుగెత్తాను.

నాలుగు ఆదివారాలు పట్టింది ఆ బొమ్మ. అంత పెద్దది నాన్న ఎప్పుడూ వేయలేదు. చుట్టుపక్కల క్వార్టర్లవాళ్ళు వచ్చి చూసిపోయేవారు.

చివరి ఆదివారం పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ మందంగా తగిలింది. నాన్న వేలి రంగు అంటి రెండు పేజీలు అతుక్కుపోయాయి. సందులోంచి చూశాను. పొడుగుతోక దొర పొట్ట ఎరుపు. తోక ఆకుపచ్చ. నేను చదివింది తర్వాతి పక్షిది.

"నాన్నా..." అన్నాను.

"ఏందిరా బిడ్డా?"

చెబితే మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ నాలుగు ఆదివారాలు.

"ఏం లేదు."

బొమ్మ ఇవ్వడానికి నన్నూ తీసుకెళ్ళాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. హాలు నిండా చుట్టాలు. డాక్టర్ గారు కళ్ళజోడు సవరించుకుని చూసి, ఒక్కసారి నవ్వారు.

"ఏమయ్యా పెయింటరూ! తల ఒకదానిది, తోక ఇంకోదానిది తగిలించావేంటి? ఈ పిట్టను నేను కళ్ళారా చూశానయ్యా. దీని పొట్ట ఎర్రగా ఉంటుంది."

"బుక్కుల గట్లనే ఉంది సార్."

"నీకు చదవడం వచ్చా?"

"నా బిడ్డ చదివింది సార్. ఇంగ్లీషు మీడియం. అది తప్పు చదవదు."

"అయితే తండ్రీ కూతుళ్ళు కలిసి కొత్త పిట్టను పుట్టించారన్నమాట!"

హాలంతా నవ్వింది. నాన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

ఆ బొమ్మను రిక్షాలో వెనక్కి తెచ్చాం. దారంతా నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. నన్నొక్క మాట అడగలేదు. వారం తిరక్కుండానే దాని మీద తెల్లరంగు కొట్టి, కోసి, వంటింటి అల్మారాకు తలుపులు చేశాడు. తర్వాత రిటైరయ్యేదాకా రైలు పెట్టెల మీద నంబర్లే.

"పిట్టలు ఎందుకు ఎయ్యవయ్యా?" అని అమ్మ అడిగితే, "కళ్ళు ఆనుతలేవు" అనేవాడు. కళ్ళు బాగానే ఉండేవి. చీమంత నంబరు రాసేవాడు.

ఆ అల్మారా తలుపు మీద తెల్లరంగు పెచ్చులూడిన చోట పసుపు కనిపించేది. పెళ్ళయి వెళ్ళేదాకా రోజూ నేనే ఆ తలుపు తీసి ఉప్పు, పప్పు అందుకున్నాను.

నాన్న పోయాక పెట్టెలో ఆ పుస్తకం దొరికింది. అతుక్కున్న ఆ రెండు పేజీలు బ్లేడుతో విడదీసి ఉన్నాయి. చిరగకుండా... చాలా ఓపిగ్గా. ఎప్పుడు విడదీశాడో తెలియదు. నా పెళ్ళికి ముందో, తర్వాతో.

తమ్ముడూ... ఆ డాక్టర్ గారు ఉన్న మాట అన్నారు. నవ్వడం తప్పే, కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన్ని తిట్టిన వాళ్ళందరికీ నా మాట చెప్పు. తప్పు నాదని దేవుడి ముందు రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. వినవలసిన మనిషికి మాత్రం చెప్పలేదు.

మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లో మా మనవరాలు పక్షికి రంగు వేస్తూ ఫోన్‌ను అడిగింది. క్షణంలో పొట్ట, తోక, ముక్కు... అన్నీ రంగుల్లో వచ్చాయి. ఇప్పటి పిల్లలకు ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

మీ మాట నమ్మి నలుగురిలో నిలబడినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు... వాళ్ళ గురించి కింద రాయండి. వాళ్ళు ఇంకా ఉంటే, ఇక్కడ కాదు, ముందు వాళ్ళకే చెప్పండి.

మా నాన్నకు ఫోను లేదు... నా మాట ఒక్కటే ఉండేది.