పడవకు అతుక్కున్న పంచె

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఆ రోజుల్లో అంటే పలకా బలపం నాటి సంగతి కాదు, కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన కొత్త. ఇప్పటికి ఆరేళ్లు. ఉద్యోగం వదిలి బయటికొచ్చిన మనిషి మొదటి ఏడాది చేసే పనులకూ, ఇంటర్ తప్పిన కుర్రవాడు చేసే పనులకూ పెద్ద తేడా ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది. కొందరు మీసం పెంచుతారు, కొందరు హార్మోనియం కొంటారు. నేను పడవ కొన్నాను. అలిపిరికి నడిచిపోయేంత దూరంలో, కొండ కింద కాపురముండే మనిషికి పడవ ఎందుకని అందరూ అడిగారు. ఈత వచ్చా అని కూడా అడిగారు. (రాదు.)

దీనికంతా కారణం పిపెట్టు. పాతికేళ్లు నాతో ఒకే స్టాఫ్ రూములో, ఒకే బల్లకు అటువైపు కూర్చున్న కెమిస్ట్రీ లెక్చరరు అతను. ల్యాబులో ద్రవాలు కొలిచే గాజు గొట్టంలా సన్నగా పొడుగ్గా ఉంటాడని పిల్లలు ఆ పేరు పెట్టారు, చివరికి అతని ఇంట్లోవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. నా వీడ్కోలు సభలో మైకు పట్టుకుని, "మావాడు ఇన్నేళ్లూ నల్లబల్ల మీద పడవలు తేల్చినాడు. నిజం నీళ్లంటే మాత్రం బకెట్టు దాటి పోయిందిలేదు" అన్నాడు. సభంతా నవ్వింది. నవ్వినవాళ్లలో మా ఆవిడ కూడా ఉంది. నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. భోజనం చేయకుండా లేచి వచ్చేశాను. (ఆ రోజు పాయసం చాలా బాగుందని తర్వాత నలుగురు చెప్పారు.) అప్పటి నుంచి మాటల్లేవు. మూడు నెలలు తిరక్కుండా సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పాత ఫైబర్ పడవ నా సొంతమైంది. అమ్మినవాడు నా పాత శిష్యుడే, చేపలు పట్టేవాడు, అందరి మీదా కేకలేసి పని చేయిస్తాడని ఊళ్లో సరంగు అంటారు. ఫిజిక్సులో రెండుసార్లు తప్పాడు. పడవ గురించి అతనికి తెలిసినదాంట్లో నాకు వీసమెత్తు కూడా తెలియదని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఆ ఏడాదే పిపెట్టు కూడా రిటైరై సొంత ఊరు నాయుడుపేటకు పోయాడు. పోయిన కొద్ది నెలలకే పక్షవాతం వచ్చిందని ఎవరో చెప్పారు. ప్రాణానికి భయం లేదు గానీ ఎడమ చేయి పడిపోయిందనీ, మాట తడబడుతోందనీ విన్నాను. వెంటనే పోయి చూడాల్సింది. కోపం అప్పటికే పోయింది, దాని స్థానంలో సిగ్గు వచ్చి కూర్చుంది. మొదటి వారం పోనివాడు రెండో వారం ఏ ముఖంతో పోతాడు? అలా ఆరు నెలలైంది. మా ఆవిడ పోదామన్నప్పుడల్లా నేను పడవ మరమ్మతు అనేవాణ్ణి. అది నిజమే, ఎందుకంటే ఆ పడవ ఎప్పుడూ కారుతూనే ఉండేది.

మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. చివరి పదేళ్లు ఎముకలు విరిగినవాళ్లకు కట్లు కట్టే గదిలో చేసి, నాకంటే ఏడాది ముందు రిటైరైంది. ఎక్కువ మాట్లాడదు. ఒకరోజు పొద్దున, ఈసారి పడవ దగ్గరికి తనూ వస్తాననీ, తిరుగు దారిలో నాయుడుపేటలో ఆగుదామనీ చెప్పింది. సరే అన్నాను. అంటూనే లోపల ఒక పథకం వేసుకున్నాను. ఉన్నవాటిలో తెల్లటి పంచె కట్టాను, మార్చుకోడానికి మరొకటి తీసుకోలేదు. మధ్యాహ్నానికి ఆ పంచె ఎలాగూ మట్టి కొట్టుకుపోతుంది, ఈ అవతారంతో ఒకరింటికి ఎట్లా పోతామని నేను అంటాను, ఆమె కాదనడానికి ఉండదు. ఇంత పకడ్బందీగా నేను ఏ పాఠమూ తయారుచేసుకోలేదు. (కారు ఆమే నడుపుతుంది. నాకు గేర్ల సిద్ధాంతం మాత్రమే తెలుసు.)

మేం పోయేసరికి సరంగు పడవను ఒడ్డున బోర్లా వేసి ఉంచాడు. అడుగున జానెడు చీలిక. చేయాల్సింది చిన్న పనే: ఉప్పుకాగితంతో రుద్ది, రెజిన్ అనే జిగురులో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి పూసి, దాని మీద గాజునార గుడ్డ ముక్కలు పరిచి మళ్లీ పూయడం. నేను రుద్దడం మూడుసార్లు చేయించాను, మధ్యలో ఘర్షణ గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను, అట్లా రెండు గంటలు గడిపాను. తర్వాత మందు కలిపే బాధ్యత నేనే తీసుకున్నాను. హార్డెనర్ ఎంత పోయాలో డబ్బా మీది అక్షరాలు చెరిగిపోయాయి. సరంగు మూతతో కొలుస్తానన్నాడు. మూతతో కొలవడం శాస్త్రీయం కాదని చెప్పి నేను కళ్లతో అంచనా వేసి పోశాను. క్షణాల్లో మగ్గు వేడెక్కి పొగలు కక్కింది. చేతిలోంచి కింద పెట్టి ఊదుకుంటుండగానే లోపలిదంతా రాయిలా గట్టిపడింది. కుంచె అందులో నిటారుగా నిలబడిపోయింది. సరంగు దాన్నీ నన్నూ చూసి, ఇంకో మగ్గు తెచ్చుకుని మూతతో కొలిచాడు.

అప్పటిదాకా పక్కన కూర్చున్న మా ఆవిడ చీర కొంగు దోపుకుని లేచింది. గుడ్డ ముక్కలు రెజిన్‌లో తడపడం, చీలిక మీద ఒకదాని మీద ఒకటి పరచడం, బొటనవేలితో గాలి బుడగలు నొక్కేయడం, అంతా ఆమెకు పాత పనే. విరిగిన కాలు బదులు పడవ, అంతే తేడా. ఆ వేగం చూసి నాకు భయమేసింది. ఇట్లా అయితే ఎండ తగ్గకముందే నాయుడుపేటలో ఉంటాం. ఎలాగైనా ఆలస్యం చేయాలని నేను పడవ మీదికి వంగి, ఒత్తిడి ఏ దిశలో పనిచేస్తుందో, ముక్కలు ఏ కోణంలో వేయాలో వివరించడం మొదలుపెట్టాను. ఆమె వింటూనే పని కానిచ్చింది. ఎండ మండిపోతోంది, చీలిక కనబడకుండా పోయింది. ఇక లేద్దామని నేను వెనక్కి తిరిగితే పంచె రాలేదు. చెంగు అతుకు కిందికి పోయి, రెండు పొరల మధ్య పడవతో ఒకటైపోయింది.

లాగాను. పడవ కదిలింది గానీ పంచె కదల్లేదు. సరంగు చేత్తో తట్టి చూసి, "గట్టిబడిపోయుండాది సార్. పంచె ఇప్పేస్తే బయటపడొచ్చు" అన్నాడు. నాలుగడుగుల దూరంలో ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకుంటున్నారు. నేను పంచె రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మా ఆవిడ తీరిగ్గా చేతులు కడుక్కుని వచ్చింది. ఆమె సంచిలో ఎప్పుడూ ఒక కత్తెర ఉంటుంది, అది తీసి చేతిలో పట్టుకుంది గానీ వంగలేదు.

"నాయుడుపేటకు వస్తానంటే కోస్తా" అంది. "రానంటే చెప్పండి. సరంగుకు చెప్పి మీకు అన్నం ఈడికే పంపిస్తా."

"ఈ పంచెతో యాడికొచ్చేదిమే" అన్నాను, పొద్దుటి నుంచి దాచుకున్న మాట.

"ఆయన పంచె సూస్తాడా, మిమ్మల్ని సూస్తాడా?"

సరంగు సరస్సు వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం అదురుతున్నాయి. కోయమన్నాను.

దారి పొడుగునా నేను క్షమాపణకు మాటలు కూర్చుకున్నాను. మొదటి వాక్యం మూడు రకాలుగా మార్చాను. తీరా వాళ్ల ఇంటి ముందు దిగేసరికి పిపెట్టు వరండాలోనే కుర్చీలో ఉన్నాడు. ఎడమ చేయి ఒళ్లో పడేసి ఉంది, మూతి కొంచెం పక్కకు పోయింది, మనిషి మరీ సన్నబడ్డాడు. కూర్చుకున్న మూడు వాక్యాలూ ఎటో పోయాయి. అతను నన్ను చూసి, నేను గుప్పిట్లో పట్టుకున్న చిరిగిన అంచు చూసి, దాని మీద గట్టిపడ్డ రెజిన్ చూశాడు. తర్వాత ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగాడు.

"హార్డెనర్... ఎంత పోసినావప్పా?"

"అంచనాగా పోసినా."

"నన్ను... అడగొచ్చు కదా."

"అడగాల్సింది" అన్నాను. అతను కుడిచేత్తో పక్క కుర్చీ చూపించాడు.

మా ఆవిడ జరిగిందంతా వరసగా చెప్పింది. ఆమె అంత సేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పొగలు కక్కిన మగ్గు దగ్గర పిపెట్టు నవ్వడం మొదలుపెట్టాడు. ముఖంలో ఒక పక్కే నవ్వు వచ్చింది గానీ శబ్దం మాత్రం పాతదే, స్టాఫ్ రూము కిటికీలు అదిరే శబ్దం. అతని భార్య కళ్లొత్తుకుంటూ కాఫీ తెస్తానని లోపలికి పోయి ఎంతకీ రాలేదు. కాఫీకి అంత సేపు పట్టదు. మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. ఆ సందులో నేను, చెంగు అతుకు కిందికి పోవడం మా ఆవిడ చూడలేదేమో పాపం అని అన్నాను. పిపెట్టు నన్ను జాలిగా చూసి, "పదేళ్లు... కట్లు కట్టిన మనిషబ్బా" అన్నాడు. ఆ సంగతి నేను మా ఆవిడను నేరుగా ఎన్నడూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

లేచేటప్పుడు పిపెట్టు తన పంచె ఒకటి తెప్పించి ఇచ్చాడు. పొడుగు మనిషి పంచె నాకు పాదాలు దాటి నేల ఊడ్చింది, పైన రెండు మడతలు వేసి కట్టుకుని కారెక్కాను. వచ్చే ఆదివారం తెచ్చిస్తానని చెప్పాను. ఆదివారం పోయాను గానీ పంచె మరిచిపోయాను. ఆ తర్వాతి ఆదివారం కూడా మరిచిపోయాను. ఇప్పుడతని మాట చాలావరకు బాగుపడింది, చేయి కొంచెం లేస్తుంది. నేను గేటు తీయగానే "తెచ్చినావా?" అంటాడు. "మర్చిపోయినా" అంటాను. "సరే, వచ్చే వారం తే" అంటాడు. మా ఆవిడ శనివారం సాయంత్రం దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి మంచం మీద పెడుతుంది. ఆదివారం పొద్దున నేను దాన్ని తీసి, మడత చెడకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తాను. ఈ వయసులో చేసే పనేనా ఇది అనిపించి ఒక్కణ్ణే నవ్వుకుంటాను, ఆ తర్వాత నాయుడుపేట బయలుదేరుతాం.