మావయ్య కట్టిన చివరి పాట

మొన్న రాజమండ్రిలో గేటు పడి ఆటో ఆగిపోతే, ఎదురుగా బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఎంతకీ తరగకుండా సాగింది. చీర మీద పడ్డ నల్లటి నలుసులు దులుపుకుంటున్నానే గానీ, మనసు పాతికేళ్ళు వెనక్కి, మా అమ్మ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది.

మా మావయ్య కోనసీమలో పుట్టి, సెంటు భూమి లేక, మీసాలు రాని వయసులోనే గోదావరి ఎగువన బొగ్గుగనుల్లో పనికి పోయిన మనిషి. డప్పు పట్టడం, పాట కట్టడం అక్కడే నేర్చాడు. సెలవుకి మా ఇంటికి వచ్చినప్పుడల్లా, నెత్తిన దీపం పెట్టుకుని భూమిలోకి దిగే మగవాళ్ళ గురించీ, సైరన్ మోగగానే పొయ్యి వదిలేసి గుమ్మంలోకి వచ్చే ఆడవాళ్ళ గురించీ ఆయన పాడుతుంటే, వరిచేలూ కొబ్బరితోటలూ తప్ప ఎరగని మా వీధివాళ్ళు అరుగు మీద కదలకుండా కూర్చుని వినేవారు. గనిలో ఎవరు పోయినా ఆ మనిషి పేరున ఒక పాట కట్టి, దినం నాడు పాడి వచ్చేవాడట.

ఆఖరికి ఊపిరితిత్తులు పాడై, పింఛను పుచ్చుకుని, అత్తయ్య కూడా లేదు గనక మా ఇంటికే వచ్చేశాడు. డప్పు తెచ్చుకున్నాడు గానీ ముట్టుకునేవాడు కాదు. దగ్గు వల్లనే అనుకున్నాం.

నేనప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్నాను. ఒక ఆదివారం పొద్దున, గనిలో కప్పు కూలి చనిపోయిన ఒక స్నేహితుడి భార్య, మావయ్య కోసం అంత దూరం నుంచి అడ్రసు వెతుక్కుంటూ వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"అందరి మీద పాట కట్టినవ్, మా ఆయన మీద ఒక్క ముక్క కట్టలేదు. ఆయన తప్పుతోనే కప్పు కూలిందంటున్నరు. నువ్వు పక్కనే ఉన్నవ్ గదన్నా, నిజమేనా?"

మావయ్య కుర్చీలోంచి దిగి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తప్పు వాడిది కాదు చెల్లెమ్మా. కప్పు చిటపటమంటోంది, లోపలికి పోవద్దని ముందు చెప్పిందే వాడు. పొమ్మన్నది పైవాళ్ళు. వాడిదే తప్పని సంతకం పెట్టింది నేను. భూమి పైన తేలిక పని ఇస్తామన్నారు, పెట్టేశాను."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఆ మాట పాటలో పెట్టమంది, కాగితం మీదా పెట్టమంది. మావయ్య అప్పటికప్పుడు డప్పు తీశాడు. దగ్గుతూ, ఆగుతూ ఆయన కట్టిన దాంట్లో నాకు మిగిలినవి రెండే పాదాలు:

కప్పు పలికెనన్న మాట ముందు చెప్పింది తమ్ముడే
తప్పు తమ్ముడిదన్న మాట రాసి ఇచ్చింది నేనే

ఆవిడ వెళ్ళాక ఆయన చెప్పగా జరిగిందంతా గని పెద్ద ఆఫీసు పేరున నేనే టైపు చేశాను. సంతకం పెట్టి, పోస్టు చేయమని నా చేతికిచ్చాడు. వీధి చివర దాకా వెళ్ళానో లేదో, అమ్మ వెనకాలే వచ్చి, ఈ ఉత్తరం వెళితే పింఛను ఆగిపోతుందనీ, మందులు లేకపోతే తమ్ముడు బతకడనీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను పోస్టు చేయలేదు. రిజిస్టరు చేశానని మావయ్యతో అబద్ధం చెప్పాను.

ఆ తరవాత ఏడాదిన్నర బతికాడు. రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకి అరుగు మీద కూర్చునేవాడు. వాడి గురించి రాస్తే జవాబివ్వడానికి కూడా ఆ ఆఫీసువాళ్ళకి మనసొప్పడం లేదే అని బాధపడుతూనే పోయాడు.

ఇప్పుడు ఎవరు రెండు ముక్కలు పాడినా ఫోన్లలో పట్టి ఊరంతా వినిపిస్తున్నారు. మావయ్య పాట ఆ రోజు విన్నవాళ్ళం ముగ్గురం. అమ్మ కూడా పోయింది. అక్కడ ఆ గనిని మూసేశారనీ, ఆ కార్మికవాడల్లో వాళ్ళు తలోదిక్కుకీ పోయారనీ విన్నాను. ఆవిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో కనుక్కునే ధైర్యం నాకు అప్పుడూ లేకపోయింది, ఇప్పుడూ లేదు. గనివాళ్ళ కాగితాల్లో ఆవిడ భర్త ఇంకా తప్పు చేసి చనిపోయిన మనిషే అయి ఉంటాడు.