తెల్ల పాయకు నేను అల్లిన పిడుగు కథ

మా పక్క స్థలంలో బోరు వేసిన రోజది. మైదుకూరులో బోరు లారీ మొదలుపెట్టిందంటే మూడు వీధుల అవతలి కుక్కలు కూడా ఊరు విడుస్తాయి. ఇంట్లో అందరం చెవులు మూసుకున్నాం. నా మనవరాలు హాసిని, ఎనిమిది నెలల పిల్ల, చీర ఉయ్యాలలో హాయిగా నిద్రపోతూనే ఉంది.

నా కూతురు సుజాత వంగి చూసి, "నాయనా, ఇంత చప్పుడుకూ కదల్లేదు. నాకు శానా భయమయితాండాది" అంది.

అప్పుడు నేను వెలగబెట్టిన ఘనకార్యం, కథ చెప్పడం.

హాసినికి పుట్టుకతోనే నుదుటి మీద తెల్ల వెంట్రుకల పాయ ఉంది. కళ్ళు లేత నీలం. చూడవచ్చిన వాళ్ళందరికీ ఒకే కథ వినిపించేవాణ్ణి. మా తాత గొర్రెలు కాస్తుంటే నెత్తిన పిడుగు పడిందని, ఆయనకు ఒక పాయ తెల్లబడింది తప్ప ఇంకేమీ కాలేదని, పక్కనున్న తమ్ముడికి మాత్రం ఆ చప్పుడుకు చెవులూ మాటా పోయాయని. ఆ రోజు దానికి తోక తగిలించాను: "పిడుగును తట్టుకున్న వంశం మ్మా. బోరుకు బెదురుతాదా?" వీధంతా తలూపింది. తలూపడానికి బుర్ర అక్కర్లేదు కదా.

ఏడాది నిండినా పిల్ల "అమ్మ" అనలేదు. అల్లుడి తరఫు పండితులు గ్రహణం నాడు సుజాత కూరగాయలు తరిగిందని తేల్చారు. వీధి చివర సూదులు వేసే ఆయన కాల్షియం తక్కువని టానిక్ ఇచ్చాడు. పాయకూ అదే, మాటకూ అదే, మా ఆవిడ మోకాళ్ళకూ అదే. చిటిక వేస్తే తిరుగుతోందని నేను వాదించాను. పిల్ల కూర్చున్న ఇనుప మంచం మీదే ఎక్కి కూర్చుని చిటిక వేసేవాణ్ణి. మంచం ఊగితే తిరిగేది. నాకు ఆ మాత్రం తట్టలేదు.

చివరికి సుజాత ఎవరినీ అడగకుండా పిల్లను కర్నూలు తీసుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. పిల్లల డాక్టరమ్మ పాపను కాసేపు చూసి, "కళ్ళ లోపలి మూలలు ఎంత దూరంగా ఉన్నాయో చూడండి. తెల్ల పాయ, నీలం కళ్ళు. ముందు వినికిడి తేల్చే బెరా టెస్ట్ చేయిద్దాం" అంది. పిల్లను నిద్రపుచ్చి చేశారు. రెండు చెవులూ పలకలేదు.

"వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ కావచ్చు. వంశంలో వస్తుంది, జుట్టు, కళ్ళ రంగు మారడంతో పాటు కొందరికి చెవుడూ ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా చెవుడుందా?"

నేను పిడుగు మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గా విని, "పిడుగు సంగతి వదిలేయండి. ఆ తమ్ముడికి పుట్టుకతోనే వినపడదా?" అంది. అవునన్నాను. మా అవ్వ చెప్పింది అంతే. పిడుగు నా సొంత సరుకు.

"మీరు జుట్టుకు రంగు ఎప్పటినుంచి వేస్తున్నారు?"

ఇరవై రెండేళ్ళప్పటి నుంచి, నాకూ ఉన్న తెల్ల పాయ కనపడకుండా. సుజాత నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ అరగలేదు. తర్వాత జెనెటిక్ టెస్ట్‌లోనూ వార్డెన్‌బర్గే అని తేలింది.

"ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి మిషన్, కాక్లియర్ ఇంప్లాంట్, ఎంత తొందరగా పెడితే మాట అంత బాగా వస్తుంది. ఆలస్యమైతే కష్టం" అంది డాక్టరమ్మ. అప్పటికి పిల్లకు పదిహేను నెలలు. బోరు రోజు నుంచి లెక్కేస్తే ఏడు నెలలు నా కథ తినేసింది. హియరింగ్ ఎయిడ్‌తో మూడు నెలలు చూశారు, లాభం లేదు. ఆపరేషన్ రెండుసార్లు జ్వరం వచ్చి వాయిదా పడింది. మిషన్ ఆన్ చేసిన రోజు పిల్ల నవ్వుతుందనుకుంటే, కెవ్వున ఏడ్చి చెవి మీద తగిలించిన ముక్కను పీకి పారేసింది. ఆ తర్వాత రెండేళ్ళు వారం వారం కర్నూలుకు, స్పీచ్ థెరపీకి. ఈలోగా మా బంధువొకాయన వచ్చి, "ఏమప్పా, ఆ మిషన్‌కు పిడుగు తగలదా?" అని అడిగాడు. తిడదామనుకున్నాను. ఆయనకు ఆ చదువు చెప్పిన గురువును నేనే.

పిల్లలో తెల్ల పాయ గానీ, వింత రంగు కళ్ళు గానీ కనిపిస్తే తాత పోలికని మురిసి ఊరుకోకండి. నెలల పిల్లయినా సరే, వెంటనే వినికిడి పరీక్ష చేయించండి.

ఇప్పుడు హాసినికి నాలుగేళ్ళు. వినపడని రోజుల్లో నా కథలకు దాన్ని మించిన శ్రోత లేదు. నా మొహం నుంచి చూపు తిప్పేది కాదు, చేతులు ఊపితే పకపకా నవ్వేది. మొన్న ఆదివారం పిడుగు కథ ఎత్తుకున్నాను. సగంలోనే లేచింది.

"సాలు తాతా. నిజం సెప్పు."

మా తాత తమ్ముడికి పుట్టినప్పటి నుంచే వినపడేది కాదని చెప్పాను.

"మరి నా మాదిరి మిషన్ పెట్టలేదా?" అంది.

లేదన్నాను. అది వచ్చి మళ్ళీ నా పక్కన కూర్చుంది.