బావ డబ్బాలో ఇసుకరవ్వలు

ఆ వీధిలో వాల్వు యాంప్లిఫయర్లు బాగుచేసే ఆవిడను అందరూ డయోడ్లమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఏ రోగంతో ఏ యాంప్లిఫయర్ వచ్చినా, నయం చేశాక, ఎవరూ అడగకపోయినా లోపల రెండు డయోడ్లు అతికించి పంపేది. వడ్లగింజకన్నా కాస్త లావుండే ఆ నల్లముక్కల మీద, వినే ఓపిక ఉన్నా లేకున్నా, ఒక పాఠం కూడా చెప్పేది.

“కరెంటును ఒకే వైపు పోనివ్వడమే ఈ గాజు వాల్వు పని. వయసైపోతే లోపల షార్టయి రెండు వైపులా వదిలేస్తుంది. అప్పుడు కాలేది వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు బజార్లో దొరుకుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ తెస్తారు? అందుకే ఈ రెండూ కాపలా. వాల్వు చేతులెత్తేసినా ఇవి పని నడిపిస్తాయి.”

ఆ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేది ఆవిడ అక్క. వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు, పెదాల మీదే లెక్కపెడుతూ చుట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేదే తప్ప బదులిచ్చేది కాదు. అలా ముప్ఫై ఏళ్లు గడిచాక వేళ్లకు తిమ్మిరి పట్టింది. తీగ తెగినా తెలిసేది కాదు. ఒకరోజు చుట్టే మిషను మీద గుడ్డ కప్పేసి, “చేతులు చచ్చినదానికి షాపులో ఏం పనే?” అని ఇంటికి వెళ్లిపోయింది. చెల్లెలు ఎంత బతిమాలినా మళ్లీ గడప తొక్కలేదు.

ఆమె చివరిసారి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఆమె భర్త, అంటే బావ, యాంప్లిఫయర్‌లో ఉంది. అందులో మాత్రం డయోడ్లు లేవు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది డయోడ్లమ్మ సంగతి. బావ సినిమా హాల్లో ఆపరేటరుగా చేసి దిగిపోయిన మనిషి. పాట విషయంలో ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

“డయోడంటే ఏంటి? ఇసుకలోంచి తీసిన సరుకు. నా డబ్బాలో ఇసుకరవ్వ పడితే పాట గరగరలాడుతుంది. ముట్టుకోనని మాటివ్వు!”

“అక్క ఇక చుట్టలేదు బావా! అది కాలిపోతే మళ్లీ రాదు,” అంది డయోడ్లమ్మ.

పక్కనే ఉన్న అక్క తల దించుకుంది. ఆ మాట అననే కూడదని డయోడ్లమ్మ నాలుక కరుచుకుంది. చేసేది లేక బావకు మాటిచ్చింది, మాట మీద నిలబడింది కూడా. కానీ ఇంట్లో ఎప్పుడు ఫోన్ మోగినా, అది కాలిందన్న కబురేమోననే అనుకునేది.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున వాల్వులు పరీక్షించే టెస్టరు పట్టుకుని అక్కవాళ్లింటికి వెళ్లింది. పాట మోగుతోంది. బావ కళ్లు మూసుకుని, “విన్నావా? అసలు సిసలు వాల్వు అంటే ఇదీ!” అన్నాడు.

డయోడ్లమ్మ డబ్బా ఆపి, లోపల నిలిచిన కరెంటు దిగిపోయిందో లేదో మీటరుతో చూసుకుని, ఆ గాజు వాల్వును టెస్టరుకు పెట్టింది. షార్టు. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ షార్టే. ఈ పాటికి ట్రాన్స్‌ఫార్మర్ మాడి మసి కావాలి. మరి ఇప్పటిదాకా పాడింది ఎలా?

డబ్బా తిరగేసి కింది రేకు విప్పింది. లోపల రెండు డయోడ్లు కాపలా కాస్తున్నాయి. వాటి మీద టంకం శనగగింజల్లా ముద్దలు కట్టి ఉంది.

“బావా! దొంగతనంగా మీరే పెట్టుకున్నారా?”

“నేనా? ఒట్టు, నాకేం తెలీదు!”

డయోడ్లమ్మ అక్క వైపు తిరిగింది. అక్క బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. పాలగిన్నె తగిలిందని అప్పట్లో చెప్పింది.

“నేనే పెట్టానండీ,” అంది అక్క భర్తతో. “నేను చుట్టిన చివరిది. మీ పంతానికి కాలిపోతే చూస్తూ ఊరుకోనా? మీరు నెలల తరబడి మురిసిపోతున్నది ఆ ఇసుకరవ్వలతోనే.”

బావ, “అయితే ఇదేదో మంచిరకం ఇసుక అయ్యుంటుంది,” అని గొణిగి, భార్య చెయ్యి పట్టుకున్నాడు. “వేలు ఇంతలా కాలితే పాలగిన్నె అన్నావా?”

“నొప్పి తెలిస్తేగా? వాసన వచ్చాకే చూసుకున్నా.”

డయోడ్లమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, “చేతులు చచ్చినదానివి ఈ పని ఎలా చేశావే?” అని అడిగింది.

“వేళ్లకు తెలియకపోతే కళ్లు లేవా? మీ బావ బజారుకెళ్లినప్పుడల్లా చూసుకుంటూ చేశా. మూడు రోజులు పట్టింది.”

“మూడు కాకపోతే ముప్ఫై పట్టనీ! రేపు షాపుకి రా. వేళ్లకు తోలు తొడుగులు నేను కుట్టిస్తా.”

అక్క వంగి, డబ్బాలోని ఆ ముద్దల వంక అదే పనిగా చూసింది.

“ఛీ, ఏం టంకమే ఇది! నలుగురూ చూస్తే మన షాపు పరువు పోతుంది. ముందు దీన్నే మళ్లీ వెయ్యాలి,” అంది.

సోమవారం పొద్దున అక్క షాపు గడప తొక్కింది. ఆమె వెనకే బావ ఆ డబ్బాను భుజాన పెట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా వచ్చాడు.