నాయన నా పక్క సీట్లో కూర్చున్న రోజులు

మా నాయన నగరిలో ఇరవై ఎనిమిదేళ్లు మరమగ్గాల మీద లుంగీలు నేశాడు. మగ్గాలు ఆయనవి కావు, మా వీధి చివరి షావుకారివి. ఒక్కడే నాలుగు మగ్గాలు చూసుకునేవాడు. నేను శ్రీ సిటీలో సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో చేరాక మేమిద్దరం ఒకరినొకరు చూసుకోవడమే తక్కువైపోయింది. నేను కంపెనీ బస్సు ఎక్కేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. నేను దిగేసరికి మగ్గాల షెడ్డులో ఉండేవాడు.

కరోనా వచ్చింది. ఒక్క రోజులో మా వీధి మూగబోయింది. పుట్టినప్పటి నుంచి మగ్గాల చప్పుడులోనే పెరిగిన నాకు, పక్కింట్లో గిన్నె కింద పెట్టినా వినపడటం భయంగా ఉండేది. నాయన రోజూ పొద్దున్నే స్నానం చేసి షెడ్డు దాకా పోయి, తాళం చూసి తిరిగొచ్చేవాడు. లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా ఆ తాళం తియ్యలేదు. మద్రాసు నుంచి నూలు రాలేదు, గుడ్డ కొనేవాళ్లూ రాలేదు. తిరుపతి లాడ్జీలో గదులు ఊడ్చే మా పెద్దమ్మ కూడా భక్తులు లేక ఇంటికొచ్చేసింది. మా ఇంట్లో మళ్లీ పనిలోకి పోయింది నేనొక్కదాన్నే. పిల్లల చదువులు ఫోన్లలోకి వచ్చేశాయి కదా, మా ఫ్యాక్టరీకి తీరిక లేదు.

కొన్నాళ్లకు షావుకారు మగ్గాలను పాత ఇనుము కింద అమ్మేశాడు. ఆ సాయంత్రం నాయన చేతులకు నూనె మరకలతో ఇంటికొచ్చాడు.

"లారీలోకి నేనే ఎత్తిచ్చినాను పాపా. వాళ్లకు పట్టుకునేది తెలీదు, యాడంటే ఆడ పట్టి లాగతా ఉండారు," అన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

వారం ఆగి అడిగాను. "నాయనా, మా ఫ్యాక్టరీలో ఊడ్చి తుడిచేదానికి మనుషులు కావాలంట. వస్తావా?"

నేల చూస్తూ, "నీకు నామోషీగా ఉండదా?" అన్నాడు.

"నాకెందుకుంటాది?" అన్నాను. నిజం చెప్పాలంటే, కొంచెం ఉండింది.

బస్సులో ఆయనకు కిటికీ పక్క సీటు ఇచ్చాను. గంటన్నర దారి. మొదటి వారం ఇద్దరం మాస్కులు వేసుకుని అపరిచితుల్లా కూర్చున్నాం. ఒకరోజు నాగలాపురం దాటాక, నా యూనిఫాం కోటు అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు.

"దీంట్లో నూలు లేదు పాపా. చెమట పీల్చదు. ఎట్లా ఉండావు దినమంతా?"

ఆ మాటతో మొదలైంది. తెగిన పోగును అతకడం తనకు పద్నాలుగేళ్లప్పుడు వాళ్లక్క నేర్పించిన సంగతి చెప్పాడు. నాకు ఆరేళ్లప్పుడు పోయిన అమ్మ మాట ఇంట్లో ఎప్పుడూ ఎత్తని మనిషి, సత్యవేడు దారిలో తనంతట తానే ఎత్తాడు.

"మీ అమ్మ ఇంటికాడ నూలు కండెలు చుట్టి షెడ్డుకు తెచ్చేది. ఆయమ్మ వచ్చినప్పుడల్లా నా మగ్గం నిలిచిపోయేది."

"ఎందుకు?"

"నేనే ఆపతా ఉంటిని," అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఫ్యాక్టరీలో నేను అద్దాల గదిలో ఫోన్లు బిగిస్తూ ఉంటే, ఆయన బయట వరండాలో తుడుస్తూ ఉండేవాడు. నా వైపు చూసేవాడు కాదు. నేను చిన్నబోతానని కాబోలు. ఒక మధ్యాహ్నం నా క్యారియర్ తీసుకుపోయి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఈయన మా నాయన," అని పక్కవాళ్లకు చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, పెరుగన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నాడు.

ఏడాది దాటాక మా వీధిలోనే ఇంకొకాయన ఆరు మగ్గాలు పెట్టి, పాత నేతగాళ్లు కావాలని కబురు పంపాడు. నాయన ఆ మాట నాకు బస్సులోనే చెప్పాడు.

"పిలిచినారు పాపా. నువ్వేమంటావు?"

ఆయన కళ్లల్లో వెలుగు చూశాను. వద్దనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అమ్మ గురించి ఇంకా ఎన్నో అడగాల్సి ఉంది.

"పో నాయనా," అన్నాను.

సోమవారమే చేరిపోయాడు. వీధిలో సగం షెడ్లు ఇప్పటికీ మూసే ఉన్నాయి. మిగతా సగంలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆయన మనిషి తేరుకున్నాడు, నడకలో ఊపు వచ్చింది. నాకు సంతోషమే. కానీ పొద్దున బస్సు నాగలాపురం దాటుతుంటే, అమ్మ ఏ రంగు చీర కట్టుకుని కండెలు తెచ్చేదో అడగాలనిపిస్తుంది. ఆదివారం అన్నం దగ్గర అడిగి చూశాను. వీధిలో మగ్గాల చప్పుడుకి వినపడక, ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమన్నావు పాపా?" అన్నాడు.

అదే మాటను గట్టిగా అరిచి అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంకొంచెం పులుసు పోశాను.